మతిస్థిమితం లేదంటే జైలు తప్పుతుందా?

నమస్కారం. సంచలనం రేపిన ఏ హత్య కేసు వార్త కిందనైనా తప్పకుండా కనిపించే ఒక వ్యాఖ్య నన్ను చాలాకాలంగా చికాకు పెడుతోంది: "పిచ్చివాడని సర్టిఫికెట్ తెచ్చుకుని బయటికొచ్చేస్తాడు, చూడండి." ఈ నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి మచాంగ్ లలుంగ్ ఒక్కరి ఉదంతం చాలు.

అస్సాంకు చెందిన ఈ గిరిజనుణ్ణి, ఒకరిని తీవ్రంగా గాయపరిచారన్న ఆరోపణపై, 1951లో ఇరవై మూడేళ్ల వయసులో అరెస్టు చేశారు. మతిస్థిమితం సరిగా లేదని తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. ఆయన కోలుకున్నారని 1967లో వైద్యులు రాసిచ్చారు. అప్పుడైనా విచారణ మొదలుపెట్టవలసింది పోయి, ఆయనను గువాహటి జైలుకు తరలించి అంతటితో మరచిపోయారు. 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తుపై విడుదలయ్యేనాటికి ఆయనకు 77 ఏళ్లు.

లలుంగ్ విషయంలో వైద్యం విఫలం కాలేదు. వైద్యులు ఇచ్చిన ఆ కాగితాన్ని అందుకుని ముందుకు కదిలించే మనిషే లేకపోయాడు.

చట్టం ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు వేస్తుంది. నేరం చేసిన సమయంలో తానేం చేస్తున్నాడో నిందితుడికి తెలుసా అన్నది, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ విషయం. ఇప్పుడు తనపై జరుగుతున్న విచారణను అర్థం చేసుకుని తన వాదన చెప్పుకోగలడా అన్నది క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత పరిధిలోనిది. లలుంగ్ చిక్కుకున్నది ఇక్కడే. జైల్లో ఉన్న మనిషికి ఇప్పుడు చికిత్స అవసరమా అన్నది మూడవది. దీనికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్ వర్తిస్తుంది. దీనివల్ల చికిత్స అందుతుందే తప్ప కేసు కొట్టివేయరు, శిక్షా రద్దు కాదు.

ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని ఆ సెక్షన్ చెబుతోంది. జైల్లో అలాంటి వార్డు లేకపోతే ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు ముందస్తు అనుమతితో బయటి మానసిక ఆసుపత్రికి పంపవచ్చు. మన దగ్గరైతే ఎర్రగడ్డకో, విశాఖకో. ఆ ప్రయాణానికి పోలీసు ఎస్కార్ట్ దొరకాలి, దొరకనిరోజు డాక్టరుతో అపాయింట్‌మెంట్ ఉన్నా వ్యాన్ కదలదు.

తీవ్ర మానసిక రుగ్మతకు జైల్లో చికిత్స అంటే ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టడం కాదు. తిండి మానేసి, స్నానం మానేసి, బ్యారక్ మూలన గోడతో మాట్లాడుతున్న ఖైదీని మొదట గుర్తించేది డాక్టరు కాదు, పక్కన పడుకునే మరో ఖైదీ లేదా రాత్రి డ్యూటీలో ఉన్న వార్డర్. అక్కడి నుంచి రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి, ఎందుకంటే మన జైళ్లలో అసహజ మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం ఆత్మహత్యే. మాత్రను ఎదురుగా మింగించి, నాలుక పైకెత్తించి చూడాలి. దాచుకున్న నిద్రమాత్రను లోపల బీడీలకు మార్చుకోవచ్చు. తీవ్ర మానసిక రుగ్మతకు ఇచ్చే క్లోజపిన్ లాంటి మందు మొదలుపెడితే తొలి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ల్యాబ్ లేని జైల్లో ఆ మందు చీటీ మీదే ఉండిపోతుంది.

బెంగళూరు కేంద్ర కారాగారంలో ఐదువేలమందికి పైగా ఖైదీలను జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశీలించినప్పుడు, మత్తు వ్యసనాలను పక్కన పెట్టినా 27.6 శాతం మందిలో మానసిక రుగ్మత కనిపించింది. ఇక మన చట్టమేమో, జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ మూడు నెలలకోసారి నివేదిక పంపమని జైలు వైద్యాధికారిని ఆదేశిస్తోంది. రోగులుంటే చికిత్సకు పంపేసి ఉండాలన్నది దాని ఉద్దేశం కావచ్చు. నాకు మాత్రం, రోగిని గుర్తించకపోవడానికి ఇంతకంటే మంచి ప్రోత్సాహకం ఉండదనిపిస్తుంది.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ఆసుపత్రి నుంచి జైలుకు తిరిగివచ్చిన రోగితోపాటు మందుల చీటీ రావాలి, అదే బ్రాండు కాకపోయినా అదే మందు జైలు ఫార్మసీలో ఉండాలి, కోలుకున్నాడన్న నివేదిక జైలు ఫైలులో ఆగిపోకుండా కోర్టుకు చేరాలి. విడుదల రోజున మందులు చేతికివ్వాలి, ఇంట్లోవాళ్లకు ముందే కబురు చేయాలి. మీవాళ్లెవరైనా ఈ స్థితిలో ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ లాయరును చివరి వైద్య నివేదిక ఏ తేదీది, అది కోర్టు రికార్డులోకి ఎక్కిందా లేదా అని అడగండి.