గర్భం మీద గర్భం పడుతుందా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మా వీధిలో ఒక కోడలికి స్కానింగ్‌లో కవలలని తేలింది. ఒక బిడ్డ పెద్దగా, ఇంకో బిడ్డ చిన్నగా ఉన్నారట. కొళాయి దగ్గరికొచ్చేసరికి ఆ మాట "ఇద్దరూ ఒకేసారి పడలేదట" అని మారింది. అప్పటి నుంచి ఆమెను అందరూ అదోలా చూస్తున్నారు. నాకు చాలా బాధేసింది. ఆమెను అడిగే ఇది చెబుతున్నాను.

కడుపుతో ఉండగా మళ్లీ గర్భం పడటం నిజంగానే ఉంది. సూపర్‌ఫీటేషన్ అంటారు. అడవి కుందేళ్ళలో దీన్ని అరిస్టాటిల్ కాలంలోనే గమనించారు. మనుషుల్లో మాత్రం వైద్య పత్రికలకెక్కిన కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2020లో బ్రిటన్‌లో ఒకామెకు మొదటి స్కాన్లలో ఒక్క బిడ్డే కనిపించింది. 12 వారాలప్పుడు రెండో బిడ్డ బయటపడింది, వయసులో 3 వారాలు చిన్న. ఇద్దరూ ఒకే రోజు పుట్టారు. ఆమె పిల్లల కోసం మందులు వాడింది కూడా.

ఎందుకింత అరుదంటే, గర్భం నిలవగానే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి కొత్త అండం విడుదల కాకుండా ఆపేస్తుంది. గర్భాశయ ముఖద్వారాన్ని చిక్కటి జిగురు బిరడాలా మూసేస్తుంది. ఆ పైన లోపలి పొర కూడా మారిపోతుంది. ఇవన్నీ దాటుకుని ఇంకో పిండం అతుక్కోవాలి.

కాబట్టి కవలల్లో ఒకరు చిన్నగా ఉంటే ముందు దీన్ని అనుమానించకూడదు. ఒకే రోజు పడిన బిడ్డలకూ తేడా వస్తుంది. ఒకే మాయను పంచుకుంటే రక్తం సమానంగా అందకపోవచ్చు. వేర్వేరు మాయలైనా ఒకటి బలహీనంగా ఉండొచ్చు. అత్తగార్లకు ఒక్క మాట: నిజంగానే 3 వారాలు తేడా ఉన్నా, గర్భమని తెలియక ముందు మొగుడూ పెళ్ళాం కలిసి ఉండటంలో తప్పేముంది? తండ్రి వేరని దాని అర్థం కాదు. కవల అరటిపండు తిన్నందుకని ఆమెను ఆడిపోసుకోవడమూ ఆపండి.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "మాయ ఒకటా, రెండా?" 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లో ఇది బాగా తెలుస్తుంది. ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ కావాలి. రెండైతే మామూలుగా నెలకోసారి చాలు. చిన్న బిడ్డను కాపాడేది ఈ చూపే.

సోమవారం ఆమెను బరంపురం తీసుకెళ్తున్నారు. తోడుగా మా అమ్మ వెళ్తోంది. ఈ ప్రశ్న ఒక కాగితం మీద తెలుగులోనూ, ఒడియాలోనూ రాసి ఆమె చేతికిచ్చాను.