ఓఎస్/2 మెషీన్ బాగా నడుస్తున్నప్పుడే మెయింటెనెన్స్ పార్టిషన్ వేసుకోండి: బెంగళూరు స్టూడియో చర్చ

యాంకర్: అందరికీ నమస్కారం. ఇవాళ్టి టాపిక్ వినగానే ఇదింకా ఉందా అంటారు కొంతమంది, కానీ బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్లు నడుపుకునే మనవాళ్ళకి ఇది పొద్దున లేస్తే ఉండే గొడవే. ఓఎస్/2. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి 1987లో విడుదల చేసిన ఆపరేటింగ్ సిస్టం, అంటే విండోస్‌లాగా కంప్యూటర్‌ని నడిపేది, తర్వాత మైక్రోసాఫ్ట్ విండోస్ దారిన వెళ్ళిపోయింది, ఐబీఎం ఒక్కటే 1994లో వార్ప్ 3, 1996లో వార్ప్ 4 తెచ్చింది, 2006 డిసెంబర్ 31తో మామూలు సపోర్ట్ కూడా ఆపేసింది. అది పడిపోతే లేపడానికి బూట్ డిస్కులు, మెయింటెనెన్స్ పార్టిషన్, అంటే రిపేర్ కోసం హార్డ్‌డిస్క్‌లో విడిగా ఉంచుకునే చిన్న భాగం, ఎలా చేసుకోవాలో మాట్లాడదాం. ముగ్గురొచ్చారు, పీణ్యాలో షీట్ మెటల్ షాపు ఓనర్ గారు, పాత కంట్రోలర్లు రిపేర్ చేసే సర్వీస్ ఇంజనీర్ గారు, చాలా ఏళ్ళు ఏటీఎం మెయింటెనెన్స్ చూసి రిటైరైన సార్. ఓనర్ గారూ, మీ బాధ ముందు చెప్పండి.

ఓనర్: నాది హిందూపురం మేడమ్, ఇక్కడికొచ్చి షాపు పెట్టుకున్నా. నా దగ్గర పంచింగ్ మెషీన్ ఒకటి ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్నది, దాని కంట్రోలర్ లోపల మామూలు పీసీనే, దాంట్లో ఓఎస్/2. మెషీన్ బాడీ, హైడ్రాలిక్స్, టూల్ టరెట్ అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కంట్రోలర్ పీకేసి కొత్తది పెట్టించుకో అంటారు అందరూ, ఆ కొటేషన్ చూస్తే ఇంకో షెడ్డు వేసుకోవచ్చు. నా బాధల్లా కరెంట్. టక్కున పోతుంది, మళ్ళీ వచ్చి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద చెక్‌డిస్క్, అదే డిస్క్‌లో తప్పులు వెతికే ప్రోగ్రాం, నడుస్తా ఉంటుంది, ఆపరేటర్లు నిలబడి చూస్తా ఉంటారు, ఒక్కోసారి అది కూడా మధ్యలో ఆగిపోతుంది, ఇంక ఆ రోజు పని పోయినట్టే.

యాంకర్: ఆగిపోవడం ఏంటి ఇంజనీర్ గారూ, లోపల ఏం జరుగుతుంది?

సర్వీస్ ఇంజనీర్: ఓఎస్/2లో హెచ్‌పీఎఫ్‌ఎస్ అని ఫైల్ సిస్టం ఉంటుంది మేడమ్, డిస్క్ మీద ఫైళ్ళని సర్దిపెట్టే పద్ధతి. సిస్టం లేచినప్పుడు డిస్క్ మీద ఇది వాడకంలో ఉంది అని ఒక గుర్తు పెట్టుకుంటుంది, పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే ఆ గుర్తు తీసేస్తుంది, కరెంట్ పోతే గుర్తు అలాగే ఉండిపోతుంది. మళ్ళీ లేచేటప్పుడు కాన్ఫిగ్ డాట్ సిస్ అనే సెట్టింగుల ఫైల్‌లో హెచ్‌పీఎఫ్‌ఎస్ లైన్ చివర ఆటోచెక్ అని ఉంటుంది చూడండి, దాని పక్కనున్న డ్రైవ్ అక్షరాలు చదివి వాటిని చెక్ చేసుకుంటుంది. దెబ్బ చిన్నదైతే సరిచేసుకుని లేస్తుంది. పెద్దదైతే అక్కడే ఆగిపోతుంది. అప్పుడు మనం చెక్‌డిస్క్ సీ స్లాష్ ఎఫ్ కొట్టాలి, అంటే సీ డ్రైవ్‌లో తప్పులు సరిచెయ్యమని, కానీ సీ మీంచి లేచిన సిస్టంలో అది కొడితే డ్రైవ్ లాక్ అయి ఉంది, కుదరదు అంటుంది. మనం నిలబడ్డ చాపని మనమే లాగి దులపలేం కదా, అదీ సంగతి. పక్కకి దిగి నిలబడే చోటు ఒకటి కావాలి, ఆ చోటే బూట్ ఫ్లాపీలు, లేకపోతే మెయింటెనెన్స్ పార్టిషన్.

ఏటీఎం సార్: మేం ఫ్లాపీల మీదే బతికాం. వార్ప్ 4కి ఇన్‌స్టలేషన్ డిస్కెట్, డిస్కెట్ 1, డిస్కెట్ 2 అని మూడుంటాయి, వరసగా పెట్టి వెల్‌కమ్ స్క్రీన్ రాగానే ఎఫ్3 కొడితే కమాండ్ ప్రాంప్ట్‌కి వచ్చేస్తుంది. అవి లేకపోయినా పర్లేదు, నడుస్తున్న వార్ప్‌లోనే సిస్టం సెటప్ ఫోల్డర్‌లో క్రియేట్ యుటిలిటీ డిస్కెట్స్ అని ఐకాన్ ఉంటుంది, ఖాళీ ఫ్లాపీలు పెడుతూ పోతే అదే చేసి ఇస్తుంది. ఈ ఐకాన్ ఉందన్న సంగతే చాలామందికి తెలీదు, సిస్టం పడిపోయాక తెలిస్తే ఏం లాభం.

ఓనర్: ఫ్లాపీలు ఎక్కడ సార్ ఇప్పుడు? బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్ అంతా తిరిగినా దొరికినవాటిలో సగం ఫార్మాటే కావు.

ఏటీఎం సార్: నిజమే, సోనీనే జపాన్‌లో 2011లో అమ్మడం ఆపేసింది, ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకు, బూజు పట్టినవి. అందుకే ఫ్లాపీ డ్రైవ్ తీసేసి ఆ 34 పిన్నుల కేబుల్‌కే గోటెక్ ఎమ్యులేటర్ అనే డబ్బా పెట్టేస్తున్నారు, పెన్‌డ్రైవ్‌లో ఫ్లాపీ ఇమేజ్‌లు వేసుకుని బటన్ నొక్కి మారుస్తూ పోవడమే. కంట్రోలర్‌కి అది మామూలు ఫ్లాపీ డ్రైవ్‌లాగే కనిపిస్తుంది.

సర్వీస్ ఇంజనీర్: సార్ చెప్పింది కరెక్టే కానీ నా మాట ఏంటంటే ఫ్లాపీ ఉన్నా సరే పార్టిషన్ కూడా ఉండాలి. రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్ ఒక్కడే ఉంటాడు, మూడు ఫ్లాపీలు ఏ వరసలో పెట్టాలో వాడికి ఫోన్లో చెప్పేకంటే ఏ పార్టిషన్ నుంచి లేవాలో అడిగే బూట్ మేనేజర్ మెనూలో మెయింట్ అని ఉంటుంది అది ఎంచుకో అనడం సులువు. సైజు కూడా పెద్దదేం అక్కర్లేదు, టెక్స్ట్ మోడ్‌కి కావల్సిందంతా ఫ్లాపీల్లో పట్టేదే కాబట్టి 100 ఎంబీ ఇస్తే ఫైళ్ళ కాపీలు కూడా పెట్టుకోవచ్చు. కానీ ఎక్కడ వేస్తున్నాం అన్నదాంట్లోనే ఉంది అసలు తిప్పలు, ఇది కొంచెం నిదానంగా చెప్తా.

యాంకర్: చెప్పండి, టైం ఉంది.

సర్వీస్ ఇంజనీర్: డిస్క్‌లో పార్టిషన్లు రెండు రకాలు, నేరుగా వేసే ప్రైమరీ, ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద భాగం లోపల వేసే లాజికల్. ఓఎస్/2కి ఒక డిస్క్‌లో ఒక్కసారికి ఒక ప్రైమరీ పార్టిషనే కనిపిస్తుంది. మీ మెషీన్ సిస్టం ప్రైమరీలో సీ డ్రైవ్‌గా ఉందనుకోండి, మెయింటెనెన్స్‌ని కూడా అదే డిస్క్‌లో ఇంకో ప్రైమరీగా వేశారనుకోండి, దాంట్లోకి బూట్ చేయగానే అదే సీ అయి కూర్చుంటుంది, అసలు సీ దాక్కుంటుంది. రిపేర్ చేద్దామని వెళ్తే రిపేర్ చేయాల్సిందే కనపడదు! అందుకని పార్టిషన్లు వేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాంలో ఎక్స్‌టెండెడ్ లోపల లాజికల్ డ్రైవ్‌గానే వేయాలి. అది కూడా చివర్లో. ముందు వేస్తే డీ అనేది ఈ అయిపోతుంది, ఈ అనేది ఎఫ్ అయిపోతుంది, మెషీన్ సాఫ్ట్‌వేర్ డీలో పారామీటర్లు వెతుక్కుంటూ ఎర్రర్ ఇస్తుంది. ఒకే డిస్క్ ఉండి చివర్లో వేస్తే హార్డ్‌డిస్క్ అక్షరాలేవీ మారవు, సీడీ డ్రైవ్ అక్షరం ఒక్కటి జరుగుతుంది, అది చూసుకోవాలి. మరీ చివరకి పోయినా కష్టమే, పాత బూట్ మేనేజర్ 1024 సిలిండర్లు దాటి బూట్ చేయలేదు, అంటే సుమారు 8 జీబీ లోపలే ఉండాలి.

ఓనర్: నా డిస్కే 2 జీబీ తమ్ముడూ.

సర్వీస్ ఇంజనీర్: మీకైతే ఆ గొడవే లేదన్నా. డాస్ వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టంలో ఫార్మాట్ చేయండి, హెచ్‌పీఎఫ్‌ఎస్ వద్దు, ఎందుకంటే ఏమీ పని చేయని రోజున డాస్ ఫ్లాపీతో అయినా దాన్ని చదవొచ్చు. తర్వాత సిస్‌ఇన్‌స్ట్‌ఎక్స్ కమాండ్ కొడితే ఆ పార్టిషన్ నుంచి లేవడానికి కావల్సిన బూట్ సెక్టార్ రాస్తుంది, కెర్నల్, డిస్క్ డ్రైవర్లు, హెచ్‌పీఎఫ్‌ఎస్ డ్రైవర్, కమాండ్ ప్రాంప్ట్ ఇచ్చే సీఎండీ, చెక్‌డిస్క్ కాపీ చేసుకోవాలి. ఇక్కడ అందరూ మర్చిపోయేది యూహెచ్‌పీఎఫ్‌ఎస్ డాట్ డీఎల్‌ఎల్. అది లేకపోతే చెక్‌డిస్క్ ఉన్నా హెచ్‌పీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని ముట్టుకోదు. ఓఎస్‌ఓ001 డాట్ ఎంఎస్‌జీ కూడా పెట్టుకోండి, లేకపోతే ఎర్రర్ వచ్చినప్పుడు వట్టి నంబర్ కనిపిస్తుంది, దానికి అర్థం ఏంటో ఉండదు.

యాంకర్: కాన్ఫిగ్ డాట్ సిస్ కూడా పాతదే కాపీ కొట్టేయొచ్చా?

సర్వీస్ ఇంజనీర్: కొట్టొచ్చు కానీ ప్రతి లైనూ చదవాలి మేడమ్. ఫైళ్ళు ఎక్కడ వెతకాలో చెప్పే లిబ్‌పాత్, పాత్, డీపాత్ అన్నిట్లో సీ అన్న చోటల్లా మెయింటెనెన్స్ అక్షరం పెట్టాలి. ప్రొట్‌షెల్ లైన్‌లో డెస్క్‌టాప్ తెచ్చే పీఎంషెల్ తీసేసి సీఎండీ పెట్టాలి, అప్పుడు డెస్క్‌టాప్ లేకుండా నేరుగా ప్రాంప్ట్ వస్తుంది. మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే స్వాప్ ఫైల్ సీలో ఉంటే తీసేయాలి, మెమ్‌మ్యాన్ నోస్వాప్ అని రాస్తే అసలు స్వాపే ఉండదు. ఒక్క లైన్‌లో సీ మిగిలినా ఏమవుతుందంటే సిస్టం బ్రహ్మాండంగా లేస్తుంది, మనం సంబరపడతాం, తీరా చెక్‌డిస్క్ కొడితే మళ్ళీ అదే లాక్ అయింది అన్న మాట, ఎందుకంటే ఏదో ఒక డీఎల్‌ఎల్ (ప్రోగ్రాంలు వాడుకునే ఫైల్) సీ నుంచి లోడ్ అయి ఆ ఫైల్ తెరుచుకుని కూర్చుంది. అందుకే లేచింది కదా అని వదిలేయకూడదు, మెషీన్ బాగున్న రోజే అందులోకి వెళ్ళి సీ మీద చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ ఒకసారి పూర్తిగా నడవనివ్వాలి. అది నడిస్తేనే పార్టిషన్ ఉన్నట్టు.

ఓనర్: ఇదంతా ఎందుకు తమ్ముడూ, డిస్క్‌ని క్లోన్, అదే అచ్చంగా నకలు, తీసి బీరువాలో పెట్టుకుంటే సరిపోదా? పోయిందంటే మార్చేయడమే కదా. నాకు తెలిసిన షాపుల్లో అందరూ అదే చేస్తా ఉన్నారు.

సర్వీస్ ఇంజనీర్: క్లోన్ తప్పకుండా తియ్యండన్నా, వద్దనట్లేదు. కానీ క్లోన్ ఎప్పటిది? పోయినేడాది తీశారనుకోండి, ఈ ఏడాదంతా రాసుకున్న ప్రోగ్రాంలు, మార్చిన ఆఫ్‌సెట్లు దాంట్లో ఉండవు. ఇంకోటి, మెషీన్ నడుస్తుండగా కాపీ తీసుకుందామంటే ఓఎస్2 డాట్ ఐఎన్‌ఐ, ఓఎస్2సిస్ డాట్ ఐఎన్‌ఐ రెండూ డెస్క్‌టాప్ పట్టుకుని ఉంటుంది, సరిగ్గా కాపీ కావు, అవి లేకుండా మీ ఐకాన్లు, సెట్టింగులు ఏవీ రావు. మెయింటెనెన్స్ నుంచి లేచి ఎక్స్‌కాపీ అనే కాపీ కమాండ్‌కి హెచ్, ఓ, టీ, ఎస్, ఈ, ఆర్, వీ అన్ని స్విచ్‌లూ ఇచ్చి కొడితే దాక్కున్న ఫైళ్ళతో సహా మొత్తం సీ వచ్చేస్తుంది. అంటే మంచి బ్యాకప్ తీయడానికి కూడా ఆ పార్టిషనే కావాలి.

ఏటీఎం సార్: నేను ఇద్దరి మాటకీ ఒక అడ్డు వేస్తా. బూట్ మెనూలో మెయింట్ అని పెట్టడం అంటే తలుపు తీసి పెట్టినట్టే కూడా. పాస్‌వర్డ్ లేదు, ఏం లేదు, ఎవడైనా ప్రాంప్ట్‌కి వెళ్ళి ఏ ఫైలైనా మార్చేయొచ్చు. ఏటీఎంల విషయంలో ఇదెంత పెద్ద సంగతంటే, మేం ఓఎస్/2 నుంచి విండోస్ ఎక్స్‌పీకి మారాం, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆగిపోయింది, అయినా అవే నడుస్తున్నాయని 2018 జూన్‌లో ఆర్బీఐ సర్క్యులర్ ఇచ్చింది, కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, యూఎస్‌బీ పోర్టులు మూసేయండి, 2019 జూన్ లోపల అన్నీ సపోర్ట్ ఉన్న సిస్టంలకి మార్చేయండి అని. డబ్బు ఉన్న చోట మెయింటెనెన్స్ బూట్ లోపల ఉండకూడదు, ఇంజనీర్ బ్యాగులో ఉండాలి, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

సర్వీస్ ఇంజనీర్: ఏటీఎంకి ఒప్పుకుంటా సార్. షాపులో కంట్రోలర్ క్యాబినెట్‌కి తాళం ఉంటుంది, నెట్‌వర్క్ ఉండదు, అక్కడ భయం దొంగ కాదు, ఆగిపోయిన షిఫ్ట్. బయోస్ పాస్‌వర్డ్ మటుకు పెట్టుకోమనే చెప్తా, బూట్ ఆర్డర్‌లో హార్డ్‌డిస్క్ మొదట ఉంచమని కూడా.

యాంకర్: హోసూరు నుంచి ఒక కాల్ ఉంది. చెప్పండి అన్నా.

కాలర్: నమస్తే మేడమ్. మాది గేజ్‌లు, ఫిక్చర్లు చేసే చిన్న యూనిట్. కంట్రోలర్‌లో హార్డ్‌డిస్క్ కీచుకీచుమంటోంది, పెద్ద డిస్క్ ఒకటి కొని వార్ప్ ఫ్లాపీలతో బూట్ చేస్తే డిస్కే పట్టట్లేదు, ఫ్లాపీలు మంచివే.

సర్వీస్ ఇంజనీర్: ఫ్లాపీలు మంచివే, డ్రైవర్ పాతది. వార్ప్ 4తో వచ్చిన ఐబీఎం1ఎస్506 డ్రైవర్ 1996 నాటిది, పెద్ద డిస్కులు దానికి అర్థం కావు. కొత్త వెర్షన్ కానీ డానీఎస్506 అని ఇంకో డ్రైవర్ ఉంది అది కానీ డిస్కెట్ 1 మీద వేయాలి, జాగా చాలకపోతే మీకు అక్కర్లేని స్కజీ (ఇంకో రకం డిస్కులవి) డ్రైవర్లు అందులోంచి తీసేయండి. నన్నడిగితే పెద్ద డిస్కే వద్దు. ఐడీఈ, అదే పాత హార్డ్‌డిస్క్ కేబుల్‌కి తగిలించే అడాప్టర్‌లో 4 జీబీ కాంపాక్ట్‌ఫ్లాష్, అంటే సీఎఫ్ కార్డ్ పెట్టుకోండి, సీఎఫ్ ఐడీఈ భాషే మాట్లాడుతుంది, కానీ కెమెరాల కార్డు కొనకండి, ఇండస్ట్రియల్ గ్రేడ్‌లో ఫిక్స్‌డ్ డిస్క్‌గా కనిపించేది అడిగి తీసుకోండి. మీ డిస్క్ కీచుమంటోంది అంటున్నారు కాబట్టి ఇవాళే, ఇంకేం చేయకముందే, పారామీటర్ ఫైళ్ళు బయటికి తీసేయండి.

ఏటీఎం సార్: ఆ డిస్క్ మీద చెక్‌డిస్క్ కూడా కొట్టొద్దు అన్నా, ముందు కాపీ. ముఖ్యంగా చెక్‌డిస్క్‌లో స్లాష్ ఎఫ్ కోలన్ 3 జోలికి పోవద్దు, అది పార్టిషన్ అంతా గాలిస్తుంది, చచ్చే డిస్క్‌ని ఇంకా తొందరగా చంపుతుంది. కాపీ తీసుకుని కాపీ మీద కొట్టుకోండి.

యాంకర్: ఆర్కాఓఎస్ అని ఒకటి ఉంది కదా, దాని సంగతి?

సర్వీస్ ఇంజనీర్: 2017లో వచ్చింది మేడమ్, ఓఎస్/2 వారసుడే, లైసెన్స్ కొనాలి. యూఎస్‌బీ స్టిక్ నుంచి కూడా బూట్ అవుతుంది, హెచ్‌పీఎఫ్‌ఎస్ చదువుతుంది. బెంచ్ మీద పాత డిస్కులు రిపేర్ చేసుకోడానికి చాలా బాగుంటుంది. కానీ పాత కంట్రోలర్ బోర్డుల్లో యూఎస్‌బీ నుంచి బూట్ అయ్యే బయోసే ఉండదు, అక్కడ ఫ్లాపీ కేబులే దిక్కు.

ఓనర్: సరే, నాకు అర్థమైంది, కానీ నా 2 జీబీ డిస్క్‌లో ఖాళీ లేదు తమ్ముడూ, మొత్తం వాడేశారు. పార్టిషన్ ఎక్కడ వేస్తావ్?

సర్వీస్ ఇంజనీర్: ఎఫ్‌డిస్క్ ఉన్నదాన్ని కుదించలేదు. అందుకే మీ క్లోన్ ఇక్కడ పనికొస్తుందన్నా. 4 జీబీ సీఎఫ్ మీదకి క్లోన్ చేస్తే చివర్లో జాగా మిగులుతుంది, బూట్ మేనేజర్, మెయింట్ రెండూ ఆ మిగిలిన దాంట్లోనే వేద్దాం. పాత డిస్క్ ముట్టుకోకుండా బీరువాలో పెట్టుకోండి. ఆదివారం షాపు మూసే ఉంటుంది కదా, వస్తా. మీ కంట్రోలర్‌కి ఏ కీబోర్డ్ ఉంది?

ఓనర్: కొత్తది కొన్నా, యూఎస్‌బీది.

సర్వీస్ ఇంజనీర్: అది పక్కన పెట్టి పాత గుండ్రటి పిన్ను పీఎస్/2 కీబోర్డ్ ఒకటి తెప్పించండి. సిస్టం లేస్తున్నప్పుడు పై ఎడమ మూలలో తెల్ల డబ్బా, పక్కన ఓఎస్/2 అని రెండు క్షణాలు కనిపిస్తుంది, అప్పుడే ఆల్ట్ ఎఫ్1 నొక్కితే రికవరీ మెనూ వస్తుంది, అప్పటికింకా యూఎస్‌బీ డ్రైవర్లు లేవు, మీ బయోస్ సాయం చేయకపోతే ఆ నొక్కుడు సిస్టంకి అందదు. డెస్క్‌టాప్ ఒక్కటే పాడైతే ఆ మెనూలోంచి పాత ఆర్కైవ్ తెచ్చుకోవచ్చు, మెయింట్ దాకా వెళ్ళే పనే ఉండదు.

ఓనర్: ఎస్పీ రోడ్‌లో దొరుకుతుందా?

ఏటీఎం సార్: మా ఇంట్లో రెండున్నాయి, ఒకటి తీసుకెళ్ళండి.