బడ్డీ కొట్టులో బొమ్మల గ్యాలరీ

[దృశ్యం: కాలవగట్టు మీద చెక్క బడ్డీ. ముందు తలుపు పైకెత్తితే లోపల నాలుగు చిన్న బొమ్మలు, వాటి ఎదురుగా అగ్గిపుల్లల బెంచీ.]

నమస్తే అండీ. కోనసీమలో మా ఊరి కాలవగట్టు ఇది. ఇదివరకు కిళ్లీ కొట్టు, ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ. లోపల మనిషి పట్టడు, బయట నిలబడి తొంగిచూడాలి. బెంచీ మీద బొటనవేలంత మట్టి మనుషులు మాత్రం రోజంతా బొమ్మలు చూస్తూనే ఉంటారు. పిల్లలు ముందు వాళ్లను పలకరించి, వాళ్లు దేన్ని చూస్తున్నారో అటు చూస్తారు.

2020 డిసెంబరులో అమెరికాలోని సియాటిల్‌లో స్టేసీ మిల్రానీ అనే చిత్రకారిణి ఇలాంటి గ్యాలరీని ఇంటి బయట ఒక చెక్కపెట్టెలోనే పెట్టారు. అక్కడ నచ్చిన బొమ్మ పట్టుకెళ్లొచ్చు, మనది పెట్టి రావచ్చు.

[దృశ్యం: ఫ్రేము విప్పి చూపించడం.]

మన దగ్గర అసలు టెన్షన్ చెమ్మతోనే. పక్కన కాలవ, వెనక వరిచేలు. వానాకాలం కాగితం గాలి తగిలిన అప్పడంలా మెత్తబడుతుంది. బొమ్మకి అద్దం నేరుగా ఆనితే రంగు అద్దానికి అంటుకుపోతుంది. అందుకే మధ్యలో మందపాటి అట్ట మౌంటు, అంటే బొమ్మ చుట్టూ చట్రంలా కత్తిరించిన అట్ట, తప్పనిసరి. ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న చెక్కముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. కొట్టు పడమర ముఖమైతే మధ్యాహ్నం తలుపు దించేయండి, ఎండకి వాటర్ కలర్ వెలిసిపోతుంది. లైటుకి చిన్న ఎల్‌ఈడీ చాలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రండి. ఆయన 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ బొమ్మలు ఇవాళ మన కళ్ల ముందు ఉన్నాయంటే ఎవరో దాచబట్టే కదా.

బొమ్మలు పోస్టుకార్డు సైజువే తీసుకోండి. నాలుగే పెట్టండి, ఎక్కువైతే మళ్లీ కొట్టులాగే ఉంటుంది. ఎత్తు మూడున్నర అడుగులు, బడిపిల్లల కళ్లకి అందేలా.

[దృశ్యం: ఫ్రేములో తెల్లని లేసు పువ్వు, కింద పేరు కార్డు.]

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఈ కార్డు. నరసాపురం లేసు దేశాలు దాటి వెళ్తుంది, అల్లినావిడ పేరు మాత్రం సాధారణంగా దాంతో వెళ్లదు. ఇక్కడ ఆవిడ పేరు, ఊరు పెద్ద అక్షరాలతో రాశాం. మీరూ ఏ బొమ్మనీ పేరు లేకుండా పెట్టకండి.

గట్టు మీద పెట్టేముందు పంచాయతీలో అడగండి, కాలవ అధికారుల అనుమతి కూడా కావాలేమో కనుక్కోండి. ఎవరి దగ్గర బొమ్మ తీసుకున్నా తిరిగిచ్చే తేదీ కాగితం మీద రాసివ్వండి. ఆ రోజుకి మీరే వాళ్లింటికి పట్టుకెళ్లి ఇవ్వండి.