వీపు మీద రెండు తట్లు

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు నెలాఖరున విజయనగరం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డు పక్కన ఓ గంట నిలబడితే చలిలో పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళేవాళ్ళకి ఈ మాటలు ఎందుకు చెప్పాల్సి వస్తోందో తెలుస్తుంది. బండి మీద నాన్న, వెనక ఏడెనిమిదేళ్ళ కూతురు, ఇద్దరి మధ్యా అరిసెల డబ్బా, హ్యాండిల్‌కి వేలాడుతూ కొత్త బట్టల సంచి. అమ్మమ్మగారి ఊళ్ళో క్రిస్మస్ ఆరాధనకి ప్రయాణం. ఇటు బొబ్బిలి, అటు శ్రీకాకుళం, ఈ తట్టు క్రైస్తవ సంఘాల్లో చాలావాటికి మూలం 1870ల తర్వాత కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీల పని. వాళ్ళూ ఊళ్ళు తిరగడానికి ఎంచుకున్నది చలికాలమే. వానలు ఆగి బాటలు ఆరేవి, ఎండ మాడ్చేది కాదు. అప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు మోటారు సైకిలు. చలి మాత్రం అదే. ఎడ్లబండి మీద పిల్లకి గాలి కొట్టదు, మోటారు సైకిలు మీద కొడుతుంది. తేడా అక్కడుంది.

లూకా సువార్త రెండో అధ్యాయం చివర తల్లిదండ్రులూ పిల్లాడూ చేసిన ఒక ప్రయాణం ఉంది. యూదుల పస్కా పండుగకి నజరేతు నుంచి యెరూషలేముకు కాలినడకన వెళ్ళారు. చలికాలం కాదు, వసంతకాలం. పిల్లాడికి పన్నెండేళ్ళు. పండుగ అయ్యాక అందరూ కలిసి తిరుగుముఖం పట్టారు. బాలుడైన యేసు మాత్రం వెనక ఉండిపోయాడు. అమ్మకీ నాన్నకీ ఆ సంగతి తెలియదు. గుంపులో ఎక్కడో ఉంటాడనుకున్నారు. అలా అనుకుని ఒక రోజంతా నడిచారు. చుట్టాల్లో వెతికితే కనబడలేదు. వెనక్కి పరుగెత్తారు. మూడు రోజుల తర్వాత దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని కనిపించాడు.

పండుగపూట ఈ కథలో పిల్లాడి జ్ఞానం గురించే ఎక్కువగా చెబుతారు. తల్లిదండ్రుల పొరపాటు దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. వాళ్ళు భక్తి లేనివాళ్ళు కాదు, ప్రేమ లేనివాళ్ళు అసలే కాదు. ఉన్నాడులే అనుకున్నారు, అంతే. బండి మీద పిల్లలకి జరిగే నష్టంలో చాలా భాగం ఇలాంటి 'ఉన్నాడులే' వల్లనే. వెనక కూర్చున్న పిల్ల నాన్న కంటికి కనబడదు. హెల్మెట్‌లో గాలి హోరు వల్ల మాట వినబడదు. చలికి బిగుసుకుపోతోందో, నిద్రలోకి జారుతోందో వీపుకి తెలియదు.

అందుకని చాలా తేలికైన పద్ధతి ఒకటి. ఈ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లకి కొదవ లేదు, ఊరూరా ఉన్నాయి. వాటిని తిట్టుకోకుండా వాడుకోవచ్చు. బండి నెమ్మదించిన ప్రతిసారీ పిల్ల నాన్న వీపు మీద రెండుసార్లు తట్టాలి. తట్టు పడితే బండి ముందుకి. పడకపోతే పక్కకి తీసి ఆపి, వెనక్కి తిరిగి మొహం చూడాలి. బయల్దేరే ముందే ఈ ఒప్పందం పిల్లతో చేసుకోండి. పిల్లలకి ఇలాంటి ఉద్యోగాలు మహా ఇష్టం, నిద్ర కూడా తొందరగా రాదు.

మొహంలో ఏం చూడాలి? పెదవుల రంగు మారిందా, వేళ్ళు పాలిపోయాయా, అడిగినదానికి తడబడకుండా జవాబిస్తోందా అన్నది. వణుకుతుంటే ఒళ్ళు ఇంకా చలితో పోరాడుతోందన్న మాట. చల్లగా ఉన్న పిల్ల వణకడం మానేసి మత్తుగా అయిపోతే అది మరీ ప్రమాదం. వెంటనే గాలి తగలని చోటికి తీసుకుపోయి, తడి బట్టలుంటే తీసేసి, పొడి దుప్పటి చుట్టి, ఒంటికి హత్తుకుని, మెలకువగా ఉండి మింగగలిగితే గోరువెచ్చని పాలు పట్టి, దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి. చేతుల్ని చలిమంట మీద పెట్టించకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు.

మన దగ్గర అంత చలి ఎక్కడిదండీ, కాశ్మీరా ఇది అంటారు. మైదానంలో తెల్లవారుజామున పదిహేను పదహారు డిగ్రీలే ఉండొచ్చు. కానీ గంటకి 40 కిలోమీటర్ల గాలి ఒంట్లో వేడిని ఊడ్చుకుపోతుంది. పైగా పిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకని పెద్దవాళ్ళకన్నా త్వరగా చల్లబడతారు. ఊలు స్వెట్టరు ఒక్కటే వేస్తే గాలి దాని కన్నాల్లోంచి దూరిపోతుంది. లోపల బనియను, దాని మీద చొక్కా, ఆపైన స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి చొరబడనిది ఒకటి. వానకోటు చాలు. వానకోటు లేకపోతే స్వెట్టరు కింద, ఛాతీకి అడ్డంగా, నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టండి. లారీ డ్రైవర్ల పాత కిటుకు, పనిచేస్తుంది. కాళ్ళకి సాక్సులు, పొడివి ఇంకో జత సంచిలో. మఫ్లరు కొసలు, చున్నీ కొసలు లోపలికి దోపాలి. చక్రంలో పడితే మెడకి బిగుసుకుంటాయి.

మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టకండి. మందపాటి ఊలు వల్ల హెల్మెట్ పైకి లేచి కూర్చుంటుంది, పట్టీ అందదు. పల్చని నూలు గుడ్డ తలకి చుట్టి దాని మీద పెట్టండి. పెద్దవాళ్ళ హెల్మెట్ పిల్ల తలకి పనికిరాదు. పట్టీ బిగించాక తలని అటూ ఇటూ ఊపమంటే హెల్మెట్ తలతోపాటే తిరగాలి. నాలుగేళ్ళు దాటినవాళ్ళందరికీ హెల్మెట్ తప్పనిసరి, అది చట్టం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే, 2022లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, హెల్మెట్‌తోపాటు నడిపేవారికి కట్టే రక్షణ పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు. వెనక ఒక్కరికే చోటు. ఇద్దరు పిల్లలుంటే ఆర్టీసీ బస్సే.

ఎక్కడ కూర్చోబెట్టాలన్న దాని మీద ఇళ్ళల్లో పెద్ద వాదనలు. ముందు ట్యాంకు మీద కూర్చోబెడితే కళ్ళ ముందుంటుందని కొందరంటారు. నిజమే, కానీ గాలంతా పిల్లకే, గుద్దుకుంటే హ్యాండిల్‌కీ నాన్నకీ మధ్య నలిగేదీ పిల్లే. స్కూటరు మీద ముందు నిలబెట్టడం మరీ తప్పు. కునుకుపాటులో పిల్లలు యాక్సిలరేటర్ పట్టుకుని తిప్పేస్తారు. వెనక కూర్చోవాలి, పాదాలు ఫుట్‌రెస్టుకి ఆనాలి. ఆనని పిల్లకి ఇంత దూరం బండి ప్రయాణం వద్దు. దిగేటప్పుడు ఎడమ పక్కకే. చాలా బండ్లకి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది, చలికి మొద్దుబారిన పిక్క దానికి ఆనితే కాలాక గానీ తెలియదు. హ్యాండిల్‌కి వేలాడే ఆ కొత్త బట్టల సంచి కూడా అక్కడ ఉండకూడదు, మలుపులో హ్యాండిల్‌కి అడ్డం పడుతుంది.

ఇక మంచు. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రుల్లో నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న తేమ గాలి పొగమంచవుతుంది. చెరువులు, తడి పొలాలు, నెల్లిమర్ల దగ్గర చంపావతి, పాలకొండ దగ్గర నాగావళి, ఇలాంటి చోట్ల ఇంకా దట్టం. పొద్దు పొడిచే వేళకి పల్చబడుతుందనుకుంటాం. చాలాసార్లు అప్పుడే ఇంకా చిక్కబడుతుంది. ఎండ ఎక్కాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి విడుతుంది. మరి ఆరాధనకి తొమ్మిదిన్నరకల్లా మందిరంలో ఉండాలంటే చీకట్లోనే బయల్దేరాలి కదా? అక్కర్లేదు. 24వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరండి. నెల్లిమర్ల, గుర్ల, గరివిడి, చీపురుపల్లి, రాజాం మీదుగా సుమారు 75 కిలోమీటర్లు. చీపురుపల్లిలో ఒకసారి, రాజాంలో ఒకసారి పావుగంట ఆగినా నాలుగు లోపు చేరిపోతారు. ఆ రోజుల్లో ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది.

ఎలాగూ మంచులో చిక్కుకున్నారే అనుకోండి. హై బీమ్ వేస్తే వెలుతురు మంచుకి తగిలి కళ్ళలోకే తిరిగొస్తుంది, లో బీమ్ పెట్టండి. వేగానికి కొలత కరెంటు స్తంభాలు. స్తంభానికీ స్తంభానికీ సుమారు 50 మీటర్లుంటుంది. గంటకి 60లో వెళుతూ అడ్డంకి చూసి, బ్రేకు నొక్కి, బండి పూర్తిగా ఆగేసరికి పొడి రోడ్డు మీదే 45 మీటర్లు దాటుతుంది. 40లో అయితే 26, 27 సరిపోతాయి. రోడ్డు మంచుకి తడిసి ఉంటే ఇంకా కావాలి. ఒక స్తంభం దగ్గర ఉండగా ముందు వచ్చేవాటిలో రెండోది కనబడకపోతే 30 మించొద్దు. మొదటిదే కనబడకపోతే రోడ్డు దిగి దూరంగా ఆగండి. హెల్మెట్ ముందుండే అద్దం, అంటే వైజరు, ఆవిరి పట్టకుండా లోపలివైపు ఒక బొట్టు గిన్నెల సబ్బు ద్రవం రాసి పొడిగుడ్డతో తుడిచేయండి, వైజరు ఒక గీత తెరిచి ఉంచండి.

ఇది నూర్పుల కాలం కూడా. రోడ్డు సగం వరకూ ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం ఎత్తుకుపోయాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. రైతుని నిందించడం తేలికే గానీ అతనికి వేరే కళ్ళం ఏది? గింజల మీదికి బండి ఎక్కేస్తే అవి చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, యాక్సిలరేటర్ వదిలి తిన్నగా దాటండి. సాయంత్రమైతే వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్లు. గడలు ట్రాలీ దాటి వెనక్కి పొడుచుకొచ్చి ఉంటాయి.

ఈ తట్టు చాలా ఇళ్ళల్లో బండి కదిలే ముందు ప్రార్థన చేస్తారు. మంచిది. అయితే 'దేవుడు చూసుకుంటాడులే, ఈ కాస్త దూరానికి హెల్మెట్ ఎందుకు' అనే మాట కూడా ఆ నోటి నుంచే వస్తుంది. లూకా సువార్త నాలుగో అధ్యాయంలో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమంటాడు. నీ పాదానికి రాయి తగలకుండా దూతలు ఎత్తుకుంటారని వాక్యం చూపిస్తాడు. అది 91వ కీర్తనలోది, ప్రయాణాలకి ముందు మనవాళ్ళు ఇష్టంగా చదువుకునేదే. ప్రభువును శోధించకూడదన్నది, అంటే ఆయనకి పరీక్ష పెట్టకూడదన్నది, యేసు ఇచ్చిన జవాబు. వాగ్దానం అబద్ధమని ఆయన అనలేదు. దాన్ని చూపించి దూకనని మాత్రం అన్నాడు. పట్టీ బిగించుకోవడం అవిశ్వాసం అనుకునేవాళ్ళు ఈ ఘట్టం ఒకసారి చదువుకోవాలి. పౌలు కూడా తాను కుమారుడిగా చూసుకున్న తిమోతికి రాసిన రెండో పత్రికలో, అంత వేదాంతం చెప్పాక, త్రోయ పట్టణంలో వదిలేసి వచ్చిన పైవస్త్రం తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. చలి వేస్తుందని ఒప్పుకోవడానికి అపొస్తలుడికే మొహమాటం లేదు.

దారిలో పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చెబుతుంది. బండి నడుస్తుండగా అది కుదరదు, కుదిరినా వద్దు. రాజాంలో టీ కొట్టు దగ్గర ఆగిన ఆ పావుగంట దానికి సరిపోతుంది. ముందు మూత్రానికి పంపండి, చలికి ఎక్కువసార్లు వస్తుంది, పిల్లలు సిగ్గుపడి బిగబట్టుకుంటారు. తర్వాత వేడి వేడి ఇడ్లీ. అప్పుడు ప్రశ్నలు అవే వస్తాయి. మందిరం మీద నక్షత్రం ఎందుకు కడతారు? శిశువైన యేసుని చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురేనా? మత్తయి సువార్తలో మూడు కానుకల పేర్లున్నాయి, బంగారం, సాంబ్రాణి, బోళం. మనుషుల లెక్క లేదు. తెలిసింది చెప్పండి, తెలియనిది ఊరికి వెళ్ళాక కలిసి బైబిలు తెరిచి చూద్దామనండి.

తిరుగు ప్రయాణంతో జాగ్రత్తలు అయిపోవు. వారం తిరక్కుండానే వాచ్‌నైట్ ఆరాధన వస్తుంది. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక ప్రార్థన ముగుస్తుంది. అప్పటికి పిల్ల నిద్రమత్తులో, రోడ్డు మంచులో, ఎదురొచ్చేవాళ్ళలో కొందరు వేరే మత్తులో ఉంటారు. ఆ వేళ పిల్లతో బండి తీయకండి. మందిరంలోనే చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళుంటారు, వాళ్ళ పక్కన చోటడగండి. సంచిలో ఒక దుప్పటి ఎక్కువ పెట్టుకోండి. తెల్లారి, రెండో స్తంభం కనిపించాక తాళం తిప్పండి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర వీపు మీద రెండు తట్లు పడ్డాయో లేదో చూసుకోండి.