డోనాకి ఎవరు చెప్పారు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, పొద్దున్నుంచి కుర్చీలు సర్దుతూ మైకులు చూసుకుంటూ కాలు నిలవకుండా తిరుగుతున్న కుర్రాళ్లకి, సెలవురోజు నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన టాపిక్ సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల చివరి ఎపిసోడ్లు. ఇరవై నిమిషాలిచ్చారు. మూడు సీరియళ్ల మీద మాట్లాడదామని కాగితం కూడా రాసుకొచ్చాను. కానీ నిన్న రాత్రి ఆ మూడో ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూశాక నిద్ర పట్టలేదు, అందుకని మొదటి రెండూ గబగబా చెప్పేస్తాను, ఏమనుకోకండి.

స్టార్ ట్రెక్ ఎంటర్‌ప్రైజ్, 2005 మే. నాలుగు సీజన్లు మనల్ని ఒక అంతరిక్ష ఓడలో, ఆ మనుషుల మధ్య తిప్పి, ఆఖరి రోజున వాళ్ల కథని ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్లోని రైకర్ అనే అధికారి హోలోడెక్‌లో, అంటే మనుషుల్నీ చోట్లనీ నిజంలా కళ్ల ముందు నిలబెట్టే గదిలో, వేసుకుని చూసుకునే ప్రోగ్రాంగా మార్చేశారు. ఆ ఓడ చీఫ్ ఇంజినీర్ ట్రిప్ టకర్ అంతటివాడిని అందులో చంపేశారు. మన కళ్ల ముందు పెరిగిన మనిషి చావు కూడా రైకర్ ఒక నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే పాఠం అయిపోయింది. నాకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. రెండోది బ్యాటిల్‌స్టార్ గలాక్టికా, 2009 మార్చి. పైలట్ లీ తన తోటి పైలట్ కారాతో మాట్లాడుతూ అటు తిరిగి మళ్లీ ఇటు చూసేసరికి ఆమె లేదు. గడ్డి మైదానం ఉంది, మనిషి లేదు. అది దేవుడి పనా, రచయితలు చేతులెత్తేశారా అని మనవాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, కొట్టుకోనివ్వండి, నాకైతే ఆ సీన్ నచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. క్వాంటమ్ లీప్.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1989 నుంచి 1993 దాకా ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ ఛానెల్లో ఐదు సీజన్లు వచ్చింది. శామ్ బెకెట్ అనే శాస్త్రవేత్త తను పుట్టినప్పటి నుంచి గడిచిన కాలంలో వెనక్కి వెళ్లే యంత్రం కనిపెట్టి, అది పూర్తిగా సిద్ధం కాకముందే అందులోకి అడుగు పెడతాడు. ఇక అక్కణ్ణుంచి ఎవరెవరి స్థానంలోకో వెళ్లి పడుతుంటాడు, వాళ్ల జీవితంలో జరిగిన ఒక తప్పు సరిదిద్దుతాడు, మళ్లీ ఇంకోచోట పడతాడు. అద్దంలో చూసుకుంటే ఎప్పుడూ వేరేవాళ్ల ముఖమే. తోడుగా అల్ అనే స్నేహితుడు, అదీ హోలోగ్రామ్‌గా, అంటే వెలుగుతో చేసిన బొమ్మగా, శామ్‌కి తప్ప దాదాపు ఎవరికీ కనపడడు. ప్రతిసారీ శామ్ ఆశ ఒక్కటే, ఈసారి కాలంలోకి దూకితేనైనా ఇంటికి చేరతానేమోనని. స్కాట్ బకులా, డీన్ స్టాక్‌వెల్ ఇద్దరూ ఆ స్నేహాన్ని ఎలా చేశారో నేను చెప్పడం కాదు, మీరు చూడాలి.

చివరి ఎపిసోడ్ పేరు మిర్రర్ ఇమేజ్. 1993 మే 5. శామ్ పెన్సిల్వేనియాలో గనుల ఊరొకదాన్లో ఒక బార్‌లోకి వచ్చి పడతాడు. తేదీ 1953 ఆగస్టు 8, అంటే సరిగ్గా తను పుట్టిన రోజు. బార్‌లో అద్దం చూస్తే సొంత ముఖం కనపడుతుంది. ఆ బార్ నడిపే అతని పేరు కూడా అల్. ఇన్నాళ్లూ నిన్ను ఎవరో పంపిస్తున్నారనుకున్నావు గానీ పంపించుకుంటున్నది నువ్వేనేమో అని మెల్లగా అందిస్తాడు. ఎక్కడికి వెళ్తావంటే శామ్ ఇల్లే అంటాడు, అని, వెళ్లలేను, అల్‌కి ఒక అన్యాయం జరిగింది, అది సరిచెయ్యాలి అంటాడు.

ఆ అన్యాయం రెండో సీజన్ చివర్లో ఉంది. 1969. అల్ వియత్నాంలో శత్రువుల చేతికి చిక్కాడు, బతికున్నాడో లేదో ఎవరికీ తెలీదు. భార్య బెత్, నేవీలో నర్సు, అతని మీద ఆశ వదులుకుని ఇంకొకరిని పెళ్లి చేసుకోబోతున్న సమయం. అప్పుడు శామ్ అక్కడే ఉండి కూడా ఆ ఒక్క మాట ఆమెకి చెప్పలేదు, సొంతవాళ్ల కోసం గతాన్ని మార్చకూడదన్నాడు. అల్ అందుకు ఒప్పుకుని, తన భార్యకి కనపడకుండా వినపడకుండా ఆమెతో కలిసి డాన్స్ చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడో సీజన్ మొదట్లో ఏమైంది? శామ్ వియత్నాంలో సొంత అన్నయ్య ప్రాణం కాపాడుకున్నాడు. ఆ సైనిక ఆపరేషన్‌లో చనిపోయిన ఫొటో జర్నలిస్టు ఆఖరి ఫొటోలో కొందరు ఖైదీలు కనపడతారు, అందులో ఒకడు అల్. అంటే ఆ రోజు అల్ విడుదలై ఉండేవాడు, ఆ సంగతి తెలిసీ నోరు మెదపకుండా శామ్ అన్నయ్య కోసం తన విడుదల వదులుకున్నాడు. అప్పు అంటే అదీ. అందుకే చివరి ఎపిసోడ్‌లో శామ్ బెత్ ఇంట్లోకి వచ్చి నిలబడితే మనకి గొంతు పట్టేస్తుంది. ఆమెకి కథ చెబుతానంటాడు. అనగనగా అని మొదలుపెట్టకుండా ముగింపే ముందు చెప్పేస్తాడు: అల్ బతికున్నాడు, ఇంటికి వస్తున్నాడు. బెత్ కళ్లు చూడండి ఆ క్షణంలో. వెనక ఫ్రేములో అల్ ఫొటో, దాని చుట్టూ నీలం వెలుగు.

తర్వాత నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. బెత్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఆమెకి, అల్‌కి నలుగురు కూతుళ్లు. ఆ తర్వాత ఇంకో కార్డు: డాక్టర్ శామ్ బెకెట్ ఎప్పటికీ ఇంటికి తిరిగి రాలేదు.

అయిపోయింది. ఆ రెండో కార్డు మీద బెకెట్ స్పెల్లింగ్ తప్పు. ఇంగ్లీషులో చివర రెండు టీ అక్షరాలు ఉండాలి, ఒకటే పెట్టారు. ఐదు సీజన్లు ఎవరి పేరు మీద నడిచిందో ఆ మనిషికి వీడ్కోలు చెప్పే ఒకే ఒక్క వాక్యంలో ఆయన పేరే తప్పు. నిన్న రాత్రి అక్కడ పాజ్ చేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక వాదన మీకు తెలిసిందే. ఒక పక్షం, ఇది మోసం, ఐదు సీజన్లు ఇంటికి ఇంటికి అని ఊరించి ఒక్క లైనుతో తలుపు మూసేశారంటుంది. రెండో పక్షం, మోసం కాదు, ఇల్లు కావాలా స్నేహితుడి సుఖం కావాలా అంటే శామ్ రెండోది ఎంచుకున్నాడు, అంతకన్నా గొప్ప ముగింపు ఏముంటుంది అంటుంది. నేను ఏళ్ల తరబడి రెండో పక్షం. ఇలాంటి మీటింగుల్లో నిలబడి గొంతు చించుకున్నవాణ్ణి. ఎంచుకోవడమే గొప్పతనం, త్యాగమే ముగింపు అని.

అలాంటి ఒక మీటింగులోనే, చాలా ఏళ్ల క్రితం, చర్చ నడిపించే బాధ్యత నాది. వెనక వరుసలోంచి ఒకావిడ లేచి, "అంతా బాగుందండీ, మరి డోనా సంగతేంటి?" అని అడిగింది. నేను వాచీ చూసుకుని, "టైమ్ లేదండీ, అది చిన్న విషయం, టాపిక్ పక్కదారి పడుతుంది" అన్నాను. ఇంకో మాట అడగబోయింది. నేను మైకు పక్కవాళ్లకి ఇప్పించేశాను. ఆవిడ కూర్చుంది. టీ బ్రేక్ అయ్యాక ఆ కుర్చీ ఖాళీ. తర్వాతి మీటింగులకీ రాలేదు. ఈ రోజు మీ ముందు నిలబడింది నిజానికి ఆ ప్రశ్న కోసమే, మిగతాదంతా దానికి దారి.

డోనా ఎవరు? మొదటి సీజన్‌లో శామ్ 1972లో ఒక కాలేజీలో ప్రొఫెసర్‌గా వచ్చి పడతాడు. అక్కడ చదువుకుంటున్న డోనా, ముందు ముందు తనని పెళ్లి పీటల దాకా తీసుకొచ్చి వదిలేసి వెళ్లిపోబోయే అమ్మాయి. ఎందుకలా వెళ్లిపోతుందంటే, చిన్నప్పుడు తండ్రి వదిలేసి వెళ్లిపోయాడు, ఆ దెబ్బతో ఏ మగవాణ్ణీ నమ్మలేదు. శామ్ ఆ తండ్రీ కూతుళ్లని కలుపుతాడు. 1991లో వచ్చిన నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో శామ్ కొద్దిసేపు నిజంగానే ఇంటికి చేరతాడు, అక్కడ తెలుస్తుంది డోనా ఇప్పుడు తన భార్య అని. గతంలో తను చేసిన మార్పు ఫలించింది. ఇన్నాళ్లూ ఆమె అక్కడే ఉంది, ఎదురుచూస్తూ. తన సంగతి శామ్‌కి చెప్పొద్దని అల్‌ని కోరింది కూడా ఆమే, తెలిస్తే చెయ్యాల్సిన పని చెయ్యలేడని. ఒక్క రాత్రి. మర్నాడు అల్ ప్రాణం కాపాడటానికి శామ్ మళ్లీ దూకేశాడు, దూకగానే ఆమె జ్ఞాపకం చెరిగిపోయింది.

ఇప్పుడు చెప్పండి. వదిలేసి వెళ్లేవాళ్లంటే భయపడే అమ్మాయికి ఆ భయం పోగొట్టి, నన్ను నమ్మొచ్చు అనే స్థితికి తెచ్చినవాడు శామ్. నమ్మింది, పెళ్లి చేసుకుంది. ఆ మనిషే ఎప్పటికీ తిరిగి రాలేదు. పక్కవాళ్ల ఇంటికి వెళ్లి, నీ భర్త వస్తాడమ్మా, ఎదురుచూడు అని చెప్పి వచ్చినవాడు, సొంత ఇంట్లో భార్యకి, నేను రాను, ఎదురుచూడకు అని కబురు పంపలేకపోయాడు. బెత్ దగ్గరికి శామ్ వెళ్లాడు. డోనా దగ్గరికి ఎవరు వెళ్లారు?

ఆ చివరి ఎపిసోడ్‌లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. దీపం కింద చీకటంటే ఇదే.

మీరు ఏమంటారో నాకు తెలుసు. శామ్‌కి గుర్తే లేదు కదా, తెలియని తప్పుకి తప్పెలా పడతాం అంటారు. శామ్‌ని ఎవరన్నారు, నేను కథ రాసినవాళ్లని అడుగుతున్నాను. శామ్ మర్చిపోయాడు సరే, వాళ్లు ఎందుకు మర్చిపోవాలి? ఇంకొకటి అంటారు, తర్వాతి సీజన్ ఉంటుందో లేదో తెలియని టెన్షన్‌లో తీసిన ఎపిసోడ్ అది, సీరియల్ ఆపేశారని తెలిశాకే ఆ కార్డులు వచ్చి చేరాయి అని. నిజమే. వాడకుండా పక్కన పెట్టేసిన ఇంకో ముగింపు తాలూకు ఫిల్మ్ ముక్కలు 2018లో బయటపడితే, వాటిలో అల్, బెత్ కలిసున్నారు. ఆ రోజు మనవాళ్లంతా ఎంత సంబరపడ్డారో, నేనూ పడ్డాను. అక్కడా డోనా లేదు. హడావుడిలో ఒక టీ ఎగిరిపోయిందంటే ఒప్పుకుంటాను. ఒక మనిషే ఎగిరిపోయిందంటే ఎలా ఒప్పుకుంటాను? కార్డులు పెట్టే చోటు ఉంది కదా. ఇంకొక్క కార్డు, నాలుగు మాటలు, డోనా ఫలానాలా బతికింది అని. నలుగురు కూతుళ్ల లెక్క చెప్పినవాళ్లకి ఈ ఒక్క లైను బరువా?

2022లో ఇదే పేరుతో కొత్త సీరియల్ వచ్చింది, 2024లో ఆగిపోయింది. చాలామంది దాన్ని తీసిపారేస్తారు, ప్లీజ్, ఒక్క విషయానికి దానికి దండం పెట్టండి. అందులో దూకేవాడు బెన్, అతనికి కాబోయే భార్య ఆడిసన్. రెండో సీజన్ మొదలయ్యేసరికి మూడేళ్లు గడిచిపోయాయి, బెన్ పోయాడనే అనుకుని ఆమె ఇంకొకరితో జీవితం మొదలుపెట్టింది. బెన్ తిరిగి దొరికాడు, ఇప్పుడేం చెయ్యాలి? అభిమానులు ఆడిసన్‌ని ఎన్ని తిట్లు తిట్టారో మీకు తెలుసు. నేను మాత్రం ఆ ఎపిసోడ్‌లు చూస్తుంటే డోనానే గుర్తొచ్చింది. ఎదురుచూసే మనిషికి కూడా ఏళ్లు గడుస్తాయని, ఆమెకీ ఒక కథ ఉంటుందని అక్కడ ఎవరో ఒకరు రాశారు.

నేను పక్షం మార్చానా? శామ్ గొప్పవాడు కాదనను, బెత్ సీన్ దగ్గర నిన్న కూడా ఏడ్చాను. కానీ త్యాగం త్యాగం అని మనం చప్పట్లు కొట్టేటప్పుడు ఆ త్యాగంలో సగం డోనాది, ఆమెని ఎవరూ అడగలేదు. ముగింపు బాగుందా బాగోలేదా అని ఈ సాయంత్రం మీరు చర్చ పెట్టుకుంటారు కదా, ట్రిప్ గురించైనా కారా గురించైనా, ఎవరి మీద ఎంత భారం పడిందో కూడా లెక్క వెయ్యండి. ఇది నా మనవి.

నిర్వాహకులు చీటీ పంపారు, టైమ్ అయిపోయిందట. ఆ రోజు నేను ఆవిడకి చెప్పిన మాట కూడా ఇదే. ప్రశ్నలకి ఇచ్చిన పది నిమిషాల్లో నాకు జవాబులు చెప్పాలని లేదు, వినాలని ఉంది. వెనక వరుసల నుంచి మొదలుపెడదాం. డోనా గురించి మాట్లాడాలనుకున్నవాళ్లు చెయ్యెత్తండి. బాబూ, మైకు ముందు అటు ఇవ్వు.