గుడ్డను ముట్టుకోకుండా సుంకం వేసే కాలంలో

(హన్మకొండలో చిన్న పరిశ్రమల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుస ఖాళీగా వదిలేసి వెనక గోడకు ఆనుకుని కూర్చున్న రైస్ మిల్లు మిత్రులకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారి పేర్లు, హోదాలు చదవమని కార్యదర్శి గారు ఒక కాగితం ఇచ్చారు. అది చదివితే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే పోతుంది. వారంతా మీకు తెలిసినవారే. నన్ను క్షమించేవారే.

నాకిచ్చిన అంశం ‘దిగుమతి విధానాలు, నూతన అవకాశాలు’. అవకాశాల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. నేను ఫిల్టర్ గుడ్డ గురించి మాట్లాడతాను. మీలో ఎవరి ఫ్యాక్టరీ అయినా అది లేకుండా నడుస్తోందా? కరీంనగర్ గ్రానైట్ వారికి రాయి కోసిన బురద నీటిని పిండే ఫిల్టర్ ప్రెస్‌లో గుడ్డ కావాలి. తవుడు నూనె తీసేవారికి కావాలి. మంచిర్యాల, బసంత్‌నగర్ వైపు సిమెంట్ కర్మాగారాల్లో దుమ్ము పట్టే సంచులు కావాలి. బాయిలర్ ఉన్న చాలామందికి కావాలి. ఇంత మందికి కావలసిన వస్తువు విదేశం నుంచి వచ్చినప్పుడు అది టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, ఏ గదిలో కూర్చుంటుందో చెప్పగలవారు ఈ హాల్లో ఎందరు? చేతులెత్తండి. ముగ్గురు. అందులో ఇద్దరు కస్టమ్స్ బ్రోకర్లు, వారిని లెక్కలోంచి తీసేద్దాం.

సరుకును గుర్తించడానికి ప్రపంచమంతా వాడే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్‌ను బ్రసెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడుపుతుంది. 1988 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మన దేశం దానికి మరో రెండు అంకెలు చేర్చి ఎనిమిది చేసుకుంది. అందులో ‘ఫిల్టర్లు’ అని ఒకే పెట్టె ఉంటుందని మీరనుకుంటారు. లేదు. మొదటి నాలుగంకెలే చెబుతాను. వడపోత యంత్రం 8421. చుట్టగా వచ్చే ఫిల్టర్ కాగితం 4805, అదే కాగితాన్ని కొలతకు కత్తిరించి తెస్తే 4823. ఉత్తేజిత బొగ్గు 3802. ఇనుప తీగ జాలి 7314. గుడ్డ విషయానికొస్తే 5911. సాంకేతిక అవసరాలకు వాడే వస్త్ర ఉత్పత్తులకు ప్రత్యేకంగా కేటాయించిన శీర్షిక అది.

ఇక్కడే మనవాళ్ళు తక్కువ తినలేదు. కుట్టిన సంచి యంత్రంలో బిగుస్తుంది కదా, యంత్ర భాగమని 8421లో చూపిస్తే పోలేదా అంటారు. పోదు. యంత్రాల విభాగం మొదటి నోట్‌లోనే, 5911కి చెందిన వస్త్ర వస్తువులు ఇక్కడికి రావని రాసిపెట్టారు. యంత్రంలో బిగించినంత మాత్రాన గుడ్డ యంత్రం కాదు. ఇది వాదించి గెలిచే విషయం కాదు. తెలిసీ తప్పు కోడ్ వేశారని తేలితే కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద అయిదేళ్ళ వెనక్కి వెళ్ళి నోటీసు ఇవ్వవచ్చు. 2011 నుంచి సుంకం లెక్క కట్టుకునే బాధ్యత దిగుమతిదారుదే. ‘బ్రోకర్ వేశాడండీ’ అంటే వినేవారు లేరు. ఇద్దరు బ్రోకర్లు నవ్వుతున్నారు, చూడండి.

రేట్లు నేను చెప్పను. బడ్జెట్‌తో మారతాయి, మధ్యలో నోటిఫికేషన్‌తో మారతాయి. ఇవాళ చెప్పింది రాసుకుని మూడేళ్ళ తరవాత నన్ను తిడతారు. లెక్క మాత్రం చూడండి. సరుకు విలువ వంద రూపాయలు, సుంకం పది శాతం అనుకుందాం. ఆ పది మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అంటే ఒక రూపాయి. మొత్తం నూట పదకొండు. దాని మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్‌టీ. ఐజీఎస్‌టీ మీకు క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. ఆ పదకొండు రాదు. కోడ్ గొడవంతా ఆ పదకొండు చుట్టూనే.

ఇప్పుడు అసలు సంగతి. కార్యదర్శి గారూ, గడియారం చూడకండి, ఇది చెప్పడానికే నేను ఒప్పుకున్నాను.

కరీంనగర్ దగ్గర ఒక గ్రానైట్ యూనిట్ వారు ఫిల్టర్ ప్రెస్ కోసం పాలీప్రొపిలీన్ గుడ్డ చుట్టలుగా తెప్పించారు. కాగితాలు నా చేతి మీదుగానే నడిచాయి. 5911 40 అని వేశాం. నూనె గానుగల్లో, అలాంటి పనుల్లో వాడే వడపోత గుడ్డ అన్నమాట. రేవులో అధికారి ప్రశ్న వేశాడు: ఇది మామూలు సింథటిక్ గుడ్డ, 54వ అధ్యాయంలో 5407 ఎందుకు కాకూడదు? ఆ అధ్యాయంలో చాలా గుడ్డలకు శాతం లెక్క ఒకటి, చదరపు మీటరు లెక్క ఒకటి, రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. నమూనా ప్రయోగశాలకు వెళ్ళింది. వారాలు గడిచాక నివేదిక వచ్చింది: నేసిన గుడ్డ, నూరు శాతం పాలీప్రొపిలీన్, ఫిలమెంట్ నూలు. అబద్ధం ఒక్కటీ లేదు. మా ప్రశ్నకు జవాబూ లేదు. ఈలోగా యూనిట్లో పాత గుడ్డలకు మాసికలు వేసి నడిపారు. బురద గుంత నిండింది. కంటైనర్ కిరాయి, స్థలం కిరాయి రోజూ పెరుగుతూనే ఉన్నాయి.

ఆ గుడ్డ నమూనా ఒకటి నేను వరంగల్ మిల్స్ కాలనీలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అజంజాహీ మిల్లులో నేత పని చేసినవాడు. 1934లో మొదలైన ఆ మిల్లు గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీలో సగం మంది ఇళ్ళలో ఆ జీతం తిన్నవారున్నారు. మిల్లు మూతబడ్డాక ఆయన ఇంట్లోనే ఫిల్టర్ గుడ్డలు కుట్టేవాడు. నమూనా చేతికిస్తే రెండు వేళ్ళతో మడిచి వదిలాడు. అది ఎగిరి తిన్నగా నిలిచింది. గోరుతో గీశాడు. పోగులు లెక్కపెట్టే భూతద్దం, పిక్ గ్లాస్ పెట్టి పడుగు, పేక లెక్కపెట్టాడు. ‘ఇంత బిగువుగా నేసి, వేడి రోలరు మీద నొక్కిన గుడ్డను ఎవడు కట్టుకుంటాడు సారూ? నీళ్ళను పోనిచ్చి మట్టిని ఆపడానికే ఇది పుట్టింది’ అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే 5911కు బ్రసెల్స్ వారు రాసిన వివరణ నోట్స్ అంతకు ముందు రాత్రే చదివాను. వడపోతకు వాడే సింథటిక్ గుడ్డల గురించి వారు ఏమన్నారో తెలుసా? దగ్గరి నేత, దానికే ప్రత్యేకమైన బిరుసుతనం. అక్కడ పుస్తకంలో ఉన్నది ఇక్కడ ఆయన వేళ్ళలో ఉంది! అన్నట్టు, ఆ నోట్స్‌లో మనిషి వెంట్రుకలతో నేసిన వడపోత గుడ్డ కూడా ఉంది. వేములవాడలో తలనీలాలిచ్చి వచ్చినవారు నమ్మరు గానీ, ఉంది, మీరే చూసుకోండి.

ఆయన చెప్పినవన్నీ కాగితం మీద పెట్టాం. చదరపు మీటరు బరువు, అంగుళానికి పోగుల సంఖ్య, గాలి ఎంత పోతుందో చెప్పే కొలత, వేడి రోలరు పని జరిగినట్టు తయారీదారు లేఖ, ఫిల్టర్ ప్రెస్ కేటలాగు, గుడ్డ ఏ ప్లేటుకు పడుతుందో చూపే డ్రాయింగ్. 5911ను ఒప్పుకున్నారు. కానీ కట్టిన కిరాయిలు వెనక్కి రాలేదు. అవి గొడవ పడిన సుంకం కన్నా ఎక్కువ.

నా ఫిర్యాదు అధికారి మీద కాదు. ఇన్‌వాయిస్‌లో ‘ఫిల్టర్ ఫ్యాబ్రిక్, రోల్స్’ అని మూడు మాటలు రాసి పంపితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నా ఫిర్యాదు మన మీద. ఆర్డరు ఇచ్చేటప్పుడు స్టోర్స్‌లో ఉన్న ఫిట్టర్‌ను అడగం, గుడ్డ కుట్టేవాడిని అడగం. రేవులో సరుకు ఆగాక ఢిల్లీ లాయరును అడుగుతాం.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది. సరుకు ఒక రేవులో దిగుతుంది, కాగితాలు చూసే అధికారి మరో ఊళ్ళో ఉంటాడు. ఆయన మీ గుడ్డను చూడడు, ముట్టుకోడు, మడిచి వదలడు. ఆ పెద్దాయన వేళ్ళు చేసిన పనిని ఇప్పుడు మీ కాగితాలు చేయాలి. బిరుసుతనం రాయండి. నేత రాయండి. చుట్టగా వస్తోందా, కత్తిరించి వస్తోందా, కుట్టి వస్తోందా, లోపల ఇనుప కేజ్ ఉందా, అన్నీ రాయండి. వచ్చే రూపం మారితే కోడ్ మారవచ్చు.

అనుమానం ఉంటే ఆర్డరుకు ముందే ముందస్తు తీర్పు అడగండి. సెక్షన్ 28హెచ్ కింద దరఖాస్తు పెట్టాలి. ఢిల్లీలో, ముంబైలో ఆ అథారిటీలు 2021 నుంచి పనిచేస్తున్నాయి. మూడు నెలల్లో చెప్పాలని చట్టం. అయితే అది దరఖాస్తు పెట్టినవారికే పనికొస్తుంది. పక్కింటివారి తీర్పు చూపించి మీ సరుకు విడిపించుకోలేరు. సరుకు వచ్చేసి ప్రశ్న పడితే సెక్షన్ 18 కింద తాత్కాలిక మదింపు కోరి, బాండు ఇచ్చి విడిపించుకోండి. వాదన తరవాత చేసుకోవచ్చు. ముందు కంటైనర్ ఖాళీ చేసి పంపించండి.

సంఘానికి ఒకే కోరిక. కార్యాలయంలో ఒక బీరువా కేటాయించండి. ప్రతి సభ్యుడూ తాను తెప్పించే ఫిల్టర్ గుడ్డ నుంచి జానెడు ముక్క, దాని డేటా షీటు, ఏ కోడ్ కింద విడుదలైందో చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) నకలు అక్కడ పెట్టాలి. ధర చెరిపేసి ఇవ్వండి, మీ వ్యాపార రహస్యం ఎవరికీ అక్కర్లేదు. మిల్స్ కాలనీలో ఆ నేత తెలిసిన చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. వారికి భత్యం ఇచ్చి నెలకోసారి పిలిపించండి, ముక్కలు చూపించండి, వారు చెప్పింది రాయించండి.

నా దగ్గరున్న పద్నాలుగు ముక్కలు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు మడిచి చూడండి, గీకి చూడండి. జేబులో మాత్రం వేసుకోకండి, అన్నిటి వెనకా రోల్ నంబర్లున్నాయి.