కళ్లను నొప్పించని స్క్రీన్ కొనే ముందు చేయాల్సిన రెండు నిమిషాల టెస్ట్

నమస్తే అండీ. ఇవాళ ఒక్కటే పని. మీ ఫోనో, ల్యాప్‌టాపో, కొత్తగా కొనబోయే మానిటరో, దాని వెలుగు నిలకడగా ఉందా, మినుకుతోందా, అది మీ కళ్లకు కనిపించేలా చేయడం. ఖర్చేం లేదు. రెండో ఫోన్ ఒకటి ఉంటే చాలు.

ఇదిగో, నా ఎడమ చేతిలోది టెస్ట్ చేసే ఫోన్, కుడి చేతిలోది కెమెరా. తికమక పడకండి, ఎడమది టెస్ట్, కుడిది కెమెరా.

ముందు ఎడమ ఫోన్. తెల్లటి పేజీ ఏదైనా తెరవండి. నేను నోట్స్‌లో ఖాళీ పేజీ తెరిచా. ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్. నైట్ లైట్ ఆఫ్. అంతే.

ఇప్పుడు కెమెరా ఫోన్. కెమెరా తెరిచి, పక్కకి జరిపి, మోర్‌లోకి వెళ్లి, ప్రో. మీ ఫోన్‌లో వేరే చోట ఉండొచ్చు, వెతకండి, దొరుకుతుంది. అందులో షట్టర్ స్పీడ్, అంటే కెమెరా ఎంత సేపు వెలుగు తీసుకుంటుందో అది. ఎస్ అని ఉంటుంది. దాన్ని 1/2000కి, అంటే సెకనులో రెండు వేలో వంతుకి తెచ్చా. స్క్రీన్ మరీ చీకటిగా కనిపిస్తే ఐఎస్‌ఓ, అంటే వెలుగును కెమెరా పట్టుకునే శక్తి, పెంచుకోండి. ఐఫోన్ కెమెరాలో ఈ ప్రో మోడ్ లేదు కాబట్టి ఐఫోన్ వాళ్లు స్లో-మో పెట్టి 240 ఫ్రేములకి మార్చుకోండి, మన పనికి అది సరిపోతుంది. వేరే కెమెరా యాప్‌లు కూడా ఉన్నాయి గానీ నాకు స్లో-మోనే హాయి. ఏదీ దించుకోనక్కర్లేదు, షాపులో నిలబడి అక్కడికక్కడే చూసేయొచ్చు.

ఇప్పుడు దగ్గరగా పెడుతున్నా. చూడండి. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఏమీ లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి "నా ఫోన్ బాగానే ఉంది" అనుకుంటారు.

ఆగకండి. ఈ ఒక్క చోట మాత్రం నాతో పాటు నెమ్మదిగా రండి.

ఇప్పుడు బ్రైట్‌నెస్ ఎంత ఉంది? వంద. రాత్రి పదకొండింటికి పడుకుని ఫోన్ చూసేటప్పుడు ఎంత పెడతారు? ఇరవై. ఇరవై ఐదు. సరే, అక్కడికి తెస్తున్నా. డెబ్బై... యాభై... ఇదిగో, చూశారా? వచ్చాయి. నల్ల చారలు. ఇంకా తగ్గిస్తున్నా, ఇరవై ఐదు. చారలు లావయ్యాయి. సగానికి పైగా నలుపే. ఇదే ఫోన్, ఇదే పేజీ. మారిందల్లా బ్రైట్‌నెస్.

ఏం జరుగుతోందంటే, చాలా ఓఎల్‌ఈడీ ఫోన్లు, అంటే స్క్రీన్‌లో ప్రతి చుక్కా తనంతట తనే వెలిగేవి, కొన్ని ల్యాప్‌టాప్‌లు వెలుగు తగ్గించమంటే నిజంగా తగ్గించవు. లైటును ఆర్పి, వెలిగించి, ఆర్పి, వెలిగించి, ఆరి ఉండే సమయం పెంచుతాయి. మన కంటికి అది మసక వెలుతురులా అనిపిస్తుంది. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు, పీడబ్ల్యూఎం. ఈ మినుకు వేగాన్ని హెర్ట్జ్‌లో చెప్తారు, 240 హెర్ట్జ్ అంటే సెకనుకి 240 సార్లు. కెమెరా సెన్సార్ బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కదా, స్క్రీన్ ఆరి ఉన్న క్షణంలో చదివిన వరసలు నల్లగా పడతాయి. ఆ చార అదే. వందలో చారలు ఎందుకు లేవంటే, అక్కడ ఆర్పే అవసరమే లేదు.

ఇది నాకెలా తెలిసిందో చెప్తా. నాది తెలుగు పుస్తకాల డీటీపీ, ప్రూఫులు. పని ఎక్కువగా రాత్రిళ్లే. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా. షాపులో చూసినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇంటికొచ్చాక వారం తిరగకుండానే ఎడమ కనుబొమ్మ పైన నొప్పి మొదలైంది. గంట పని చేస్తే చాలు, అక్కడే, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా. కళ్ల డాక్టరు గారికి చూపించుకున్నా. పవర్ మారలేదన్నారు, కళ్లు కాస్త పొడిబారాయని చుక్కలు ఇచ్చారు. చుక్కలతో మంట తగ్గింది గానీ ఆ నొప్పి పోలేదు. రెండు నెలలు నిద్ర సరిగ్గా లేదనుకున్నా, కుర్చీ ఎత్తు అనుకున్నా. చివరికి ఈ కెమెరా టెస్ట్ చేస్తే వందలో ఒక్క చార లేదు, ముప్పైలో స్క్రీన్ నిండా చారలు. షాపుల్లో డిస్‌ప్లేకి పెట్టినవన్నీ ఫుల్ బ్రైట్‌నెస్‌లోనే ఉంటాయండీ. నేను చూసింది ఆ వందనే. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది. నేను ఈ వీడియో చేస్తున్నదే అందుకు. మీరు రాత్రి ఎంత వెలుగులో వాడతారో, అంత వెలుగులోనే టెస్ట్ చేయండి.

ఇది అందరినీ ఇబ్బంది పెట్టదు. మా ఇంట్లో మిగతా వాళ్లు అదే ల్యాప్‌టాప్ గంటలు గంటలు చూస్తారు, వాళ్లకేం కాదు. మీ కళ్లు బాగుంటే చారలు కనిపించినంత మాత్రాన ఫోన్ మార్చకండి.

ఇంకో సంగతి. గదిలో లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, చౌక ఎల్‌ఈడీ బల్బులు, పాత చోకు ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. ఆ చారలు కూడా కెమెరాలో పడతాయి. చూడండి, స్క్రీన్ ఆఫ్ చేశా, గోడ మీదికి తిప్పా, గోడ మీదా చారలే. అందుకని లైట్లు ఆర్పి, స్క్రీన్ ఒక్కటే వెలుగుతుండగా చూడండి. షాపులో ఆర్పమంటే ఆర్పరు, అప్పుడు కెమెరాను స్క్రీన్‌కి బాగా దగ్గరగా, ఫ్రేములో తెలుపు తప్ప ఇంకేమీ లేకుండా పెట్టండి.

చారలు చదవడం కూడా ఒక పని. లావుగా, కొన్నే ఉంటే మినుకు నెమ్మది. సన్నగా, దగ్గరదగ్గరగా చాలా ఉంటే మినుకు వేగం. వేగం ఎక్కువైతే మంచిది. ఓఎల్‌ఈడీలో ఒకే ఒక్క సన్నటి, పల్చటి గీత మెల్లగా జరుగుతుంటే కంగారు పడకండి, అది స్క్రీన్ రిఫ్రెష్ అయ్యే గీత. లావు నలుపు వేరు, అది చూడగానే తెలుస్తుంది. రెండు ఫోన్లు పోల్చేటప్పుడు మాత్రం కెమెరా మార్చకండి, షట్టర్ మార్చకండి.

రెండో ఫోన్ తీసుకెళ్లడం మర్చిపోయారా? పెన్ను తీయండి. తెల్ల స్క్రీన్ ముందు ఇలా, విసనకర్ర విసిరినట్టు, వేగంగా ఆడించండి. ఒకటే మసక మరకలా కనిపిస్తే మంచిది. ఇదిగో ఈ స్క్రీన్ ముందు చూడండి, అయిదారు పెన్నులు విడివిడిగా కనిపిస్తున్నాయి. వీడియోలో మీకు సరిగ్గా రాకపోవచ్చు, ఇంట్లో చేసి చూడండి. మినుకు బాగా వేగంగా ఉంటే ఇది పట్టదు, కానీ నెమ్మది వాటిని పట్టేస్తుంది. నెమ్మదివే కదా మనకు కావాల్సింది.

సరే, ఫోన్ ఆల్రెడీ కొనేశారు, చారలు వచ్చాయి. ఏం చేయాలి?

సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరవండి. మోటరోలాలో చాలా మోడళ్లకి ఫ్లికర్ ప్రివెన్షన్ అని ఉంటుంది. షావోమీ ఫోన్లలో యాంటీ ఫ్లికర్ అనో డీసీ డిమ్మింగ్ అనో. ఐఫోన్ 17 ప్రోలో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, అందులో డిస్‌ప్లే పల్స్ స్మూతింగ్. ఆన్ చేసి మళ్లీ కెమెరా పెట్టి చూడండి. పేరు చూసి నమ్మకండి, చార చూసి నమ్మండి.

అవేవీ లేకపోతే నేను రోజూ వాడేది ఇది. బ్రైట్‌నెస్ పెంచి, వెలుగును సాఫ్ట్‌వేర్‌తో తగ్గించడం. ఆండ్రాయిడ్‌లో పైనుంచి లాగితే ఎక్స్‌ట్రా డిమ్ ఉంటుంది. బ్రైట్‌నెస్ డెబ్బై, ఎక్స్‌ట్రా డిమ్ ఆన్. ఐఫోన్‌లో రెడ్యూస్ వైట్ పాయింట్. చూడండి, గదికి సరిపోయేంత మసకగానే ఉంది, చారలు బాగా పల్చబడ్డాయి. ల్యాప్‌టాప్‌లో కూడా అంతే. నాది డెబ్బై దాటితే చారలు పోతాయి, అక్కడ ఉంచేసి గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ దగ్గర వెలుగు తగ్గించుకున్నా. రంగులు కాస్త చప్పబడతాయి. ప్రూఫులకి రంగులతో పనేముంది.

కొత్తగా కొనేవాళ్లకి. మానిటర్ అయితే తేలిక, ఫ్లికర్ ఫ్రీ అని రాసినవి మామూలు ధరల్లోనే బోలెడు. బెన్‌క్యూ లాంటి కంపెనీలు 2013 నుంచే అమ్ముతున్నాయి. ఆర్టింగ్స్ సైటు వాళ్లు మానిటర్ల మినుకు కొలిచి పెడతారు, ల్యాప్‌టాప్‌లకి, ఫోన్లకి నోట్‌బుక్‌చెక్. నేనైతే నోట్‌బుక్‌చెక్‌లో మోడల్ పేజీ తెరిచి, కంట్రోల్ ఎఫ్ కొట్టి, పీడబ్ల్యూఎం అని వెతికి నేరుగా అక్కడికే వెళ్తా. ఫోన్లలో మినుకు వేగం పెంచినవి ఉన్నాయి, వన్‌ప్లస్ 12లో 2160 హెర్ట్జ్, 2023లో మన దగ్గరికొచ్చిన ఆనర్ 90లో 3840. ఎల్‌ఈడీ లైట్ల మినుకు గురించి ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ వాళ్లు 2015లో ఇచ్చిన సిఫార్సుల్లో 1250 హెర్ట్జ్ దాటితే ప్రమాదం తక్కువ, 3000 దాటితే ప్రభావమే ఉండదు అన్న లెక్క ఉంది. అది గది లైట్లకి రాసింది, ఫోన్‌కి నేనొక గీతలా వాడుకుంటా. ఎల్‌సీడీ ఫోన్, అంటే స్క్రీన్ వెనక విడిగా లైటు ఉండేది, దొరికితే అదీ చూడండి. ఐఫోన్ 11 ఎల్‌సీడీనే.

ఎవరైనా బ్లూ లైట్ కళ్లద్దాలు తీసుకోమంటే ఆలోచించండి. 2023లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్లు 17 ట్రయల్స్ కలిపి చూశారు. మామూలు అద్దాలతో పోలిస్తే వాటి వల్ల కంటి అలసట తగ్గినట్టు తేలలేదు. ఆ డబ్బు మంచి మానిటర్‌కి కలుపుకోండి.

చారలు లేకపోయినా నొప్పి వస్తోందా? కొన్ని ప్యానెళ్లు లేని రంగును చూపించడానికి రెండు రంగుల మధ్య పిక్సెల్‌ని గబగబా మారుస్తాయి, డిథరింగ్ అంటారు, ఈ కెమెరాకి అది దొరకదు. అందుకే వాపసు గడువు ఉన్న చోటే కొనండి, మొదటి మూడు రాత్రులు మీ అసలు పని దాని మీదే చేయండి.

ఇంకొకటి, తెలుగు చదివేవాళ్లకి. ఇంగ్లిష్‌కి సరిపోయే అక్షరం సైజు తెలుగుకి సరిపోదు. ఇదిగో ఈ పేజీ వంద శాతంలో ఉంది. ఈ మాటలో ఉన్నది 'ఘ'నా, 'ఝ'నా? కింద ఒత్తు 'వ'నా, 'న'నా? కళ్లు చిట్లించకుండా చెప్పలేం. అలా చూసేటప్పుడు రెప్ప వేయడం కూడా తగ్గిపోతుంది, కళ్లు పొడిబారతాయి. కంట్రోల్ పట్టుకుని ప్లస్, ప్లస్, ప్లస్. 140. ఇప్పుడు చూడండి, ఒత్తులన్నీ విడివిడిగా. నేను 140 కంటే కింద ఏ ప్రూఫూ చూడను.

చివరగా ఇది మా అమ్మ ఫోన్, మీ ముందే చేస్తా. లైటు ఆర్పా. తెల్ల పేజీ. షట్టర్ 1/2000. అమ్మ రాత్రిళ్లు సీరియళ్లు పదిహేనులో పెట్టుకుని చూస్తుంది. పదిహేను. చూశారా, ఎంత లావు చారలో. సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫ్లికర్ ప్రివెన్షన్, ఆన్. మళ్లీ కెమెరా. ఆ పల్చటి గీత ఒక్కటే మిగిలింది.

మీ ఫోన్ మోడల్, ఎంత బ్రైట్‌నెస్‌లో చారలు మొదలయ్యాయో కింద రాయండి. షట్టర్ ఎంత పెట్టారో కూడా రాయండి, అది లేకపోతే ఒకదానితో ఒకటి పోల్చలేం.